లేబుల్ ప్రింటర్‌ని తుడవడానికి అనుమతి

మా ఏరియా ఆసుపత్రిలో మురికి లేదు. ఈ మాట నేను గాలికి అనడం లేదు, రికార్డు చూసి అంటున్నాను. 'మురికిగా ఉన్నది' అని లేబుల్ అంటించిన వస్తువు మా ఆవరణలో ఒక్కటి కూడా లేదు. లేబుల్ లేని మురికిని మేం గుర్తించం. గుర్తించకూడదని సర్క్యులర్ ఉంది. ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా ఆ సర్క్యులర్ టైపు చేసింది నేనే కాబట్టి అందులో ఏముందో నన్ను మించి తెలిసినవాళ్ళు లేరు.

నాకు కోపం కొంచెం ఎక్కువ. ముఖ్యంగా రూలు కళ్ళముందు పెట్టుకుని బుర్ర వాడేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండిపోతుంది. రూలు ఉన్నదే బుర్రకి విశ్రాంతి ఇవ్వడానికి కదా.

ఇదివరకు మా ఆసుపత్రిలో శుభ్రత అనేది చాలా అరాచకంగా జరిగేది. బల్ల మీద దుమ్ము పడితే దగ్గరున్నవాళ్ళు చేతికందిన గుడ్డతో తుడిచేసేవారు. కాఫీ ఒలికితే ఒలకబోసినవాడే కడిగేసేవాడు. ఎవరు ఎవరి ఆజ్ఞ మీద ఏం తుడిచారో దేనికీ ఆధారం ఉండేది కాదు. కొత్తగా వచ్చిన నాణ్యతాధికారిణి అరుంధతి గారు ఇది చూసి నిజంగా బాధపడ్డారు. ఆవిడ అప్పుడే రాజధానిలో శిక్షణ పూర్తిచేసుకుని, వాళ్ళిచ్చిన సంచీతోనూ అంతకంటే బరువైన ఉత్సాహంతోనూ దిగారు.

"తుడిచిన గుడ్డ ఎవరిది, తుడిచిన చెయ్యి ఎవరిది, తుడవమన్న అధికారం ఎవరిది? ఈ మూడూ తెలియనప్పుడు అది శుభ్రత కాదు సార్, పుకారు" అన్నారావిడ సూపరింటెండెంటు గారితో.

మా సూపరింటెండెంటు డాక్టర్ నడింపల్లి కుమారరాజు గారు ఒకప్పుడు మంచి సర్జనేనట. కుర్చీ ఎక్కాక కత్తి కింద పెట్టి మైకు పట్టుకున్నారు. ఆయన వెంటనే సిబ్బందిని సమావేశపరిచి, "ఇకపై ఈ సంస్థయందు శుభ్రత యాదృచ్ఛికముగా సంభవించరాదు. సక్రమమైన ఉత్తర్వుల మేరకే సంభవించవలెను" అని సెలవిచ్చారు.

సర్క్యులర్ సారాంశం ఇది. ఏ వస్తువునైనా తుడుచుట, కడుగుట, ఊడ్చుట, దులుపుట చేయబోయే ముందు దానికి 'శుభ్రపరచుటకు అనుమతించడమైనది' అనే లేబుల్ అంటించాలి. ఆ లేబుల్ మీదున్న బార్‌కోడ్‌ని స్కానర్ చదివి, కంప్యూటర్ సరేనంటేనే గుడ్డ తడపాలి. పని అయ్యాక 'శుభ్రపరచబడినది' అని ఇంకో లేబుల్. చేత్తో రాసిన లేబుళ్ళు చెల్లవు.

ఆ లేబుళ్ళు అచ్చువేయడానికి మాకున్నది ఒకటే ప్రింటర్. రక్తపరీక్షల గదిలో బల్ల మీద కూర్చునే చిన్న పెట్టె, టిఫిన్ కారియరంత ఉంటుంది. రోగుల రక్తం పట్టిన గొట్టాలకి పేర్లు అచ్చువేయడం దాని అసలు ఉద్యోగం. ఇప్పుడు వరండాకీ, వాష్ బేసినుకీ, కాంటీనులో ఇడ్లీ ప్లేట్లకీ అదే అచ్చువేయాల్సి వచ్చింది. ల్యాబ్ టెక్నీషియన్ పెనుమాల జోసఫ్ రత్నం ఒకటి రెండుసార్లు గొణిగాడు.

"దీనికి లోపల హెడ్ అని ఉంటదండి. రోలు మార్చినప్పుడల్లా దూదితో తుడవాలండి. లేకపోతే కాగితం పొట్టూ, జిగురూ పేరుకుపోతాయండి."

"దానికి అనుమతి లేబుల్ తీసుకున్నావా?" అని అడిగాను.

"ఇప్పుడు తీసుకుంటానండి" అన్నాడు. కానీ వాడికి ఆ ప్రింటర్ ఎప్పుడైనా ఖాళీగా దొరికితే కదా.

ఇంతలో దసరా వచ్చింది. ఏటా ఆయుధపూజకి ఎక్స్‌రే మిషనుకీ, అంబులెన్సుకీ, ఆపరేషన్ బల్లకీ బొట్లు పెట్టడం మాకు అలవాటు. ఈసారి పూజ ప్రధానంగా లేబుల్ ప్రింటర్‌కే జరగాలని అరుంధతి గారు పట్టుబట్టారు. దానికి బంతిపూల దండ వేశారు. మూత మీద బొట్టు పెట్టబోతూ సూపరింటెండెంటు గారు ఆగి, "పైన పెట్టిన ఏమి ప్రయోజనము? ఇందులో పనిచేయు అవయవమేది?" అని అడిగారు. ఎవరో మూత ఎత్తి హెడ్ చూపించారు. ఆయన ఉంగరపు వేలితో తడి పసుపు రాసి, దాని మీద ఇంత కుంకుమబొట్టు పెట్టారు. జోసఫ్ రత్నం నోరు తెరిచాడు గానీ, అప్పుడే హారతి గంట మోగింది.

మర్నాడు ల్యాబ్‌కి మొదట వచ్చిన రోగి తిరుమాని గంగావతి.

ఆవిడ లేసు అల్లే మనిషి. నలభై ఏళ్ళు సూదీ దారం పట్టుకుని బతికింది. ఇప్పుడు రెండు కళ్ళకీ పొర వచ్చి సూది బెజ్జం కాదు కదా, ఎదుటి మనిషి మొహమే ఆనడం లేదు. అల్లిక లేకపోతే ఆవిడకి పొయ్యి వెలగదు. మాకు కంటి డాక్టరు షమీమ్ గారు శుక్రవారాలే వస్తారు. ఆవిడకి బదిలీ అయింది, దీపావళి ముందు శుక్రవారమే ఆఖరు. ఆ తరవాత కళ్ళ ఆపరేషన్లు మళ్ళీ ఎప్పుడో ఎవరికీ తెలియదు. ఆపరేషన్ చెయ్యాలంటే షుగరు రిపోర్టు కావాలి. రిపోర్టు రావాలంటే గొట్టం మీద లేబుల్‌ని స్కానర్ చదవాలి.

జోసఫ్ రత్నం ఆవిడ రక్తం తీసి లేబుల్ అచ్చువేశాడు. లేబుల్‌కి నడిమధ్య, బొట్టంత వెడల్పున, పై నుంచి కింద దాకా తెల్లటి పట్టీ వచ్చింది. పేరులో రెండక్షరాలూ, బార్‌కోడ్‌లో సగం గీతలూ ఆ పట్టీలో మాయమైపోయాయి. స్కానర్ కిమ్మనలేదు.

వాడు సీసాలోంచి స్పిరిట్ దూది మీద పోసుకుని మూత ఎత్తేసరికి అరుంధతి గారు చెయ్యి అడ్డం పెట్టారు. "అనుమతి లేబుల్ ఏది?"

వాడు అనుమతి లేబుల్ అచ్చువేశాడు. దాని మధ్య కూడా తెల్ల పట్టీ వచ్చింది. స్కానర్ దాన్నీ చదవలేదు. చదవలేదు కాబట్టి కంప్యూటర్ అనుమతివ్వలేదు.

"మేడంగారూ, ఇది తుడిస్తేనే కదండీ లేబుల్ బాగా వచ్చేది" అన్నాడు జోసఫ్ రత్నం.

"లేబుల్ బాగా వస్తేనే కదయ్యా తుడవాల్సింది" అన్నారావిడ, చాలా ఓపికగా. ఆ ఓపిక చూసి నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది.

విషయం కమిటీకి వెళ్ళింది. కమిటీ అంటే మా ఆసుపత్రిలో చేతులున్న కుర్చీ ఉన్నవాళ్ళందరూ. జోసఫ్ రత్నం నిలబడే చెప్పాడు. "లోపల కుంకుమ అంటుకుందండి. స్విచ్చి ఆపి, స్పిరిట్ దూదితో ఒక్కసారి లాగితే పోద్దండి."

"అంటుకొనినది అను పదము అభ్యంతరకరము" అన్నారు సూపరింటెండెంటు గారు. "అది అంటుకొనలేదు. అలంకరింపబడినది. మినిట్స్‌లో ఆ విధముగా నమోదు చేయుడు."

నేను ఆ విధముగానే నమోదు చేశాను. అప్పుడు అరుంధతి గారు లేచి చిక్కుముడి మొత్తం నిమిషంలో విప్పేశారు. "ప్రింటర్ మీద 'మురికి' అని లేబుల్ ఉందా? లేదు. కాబట్టి అది శుభ్రంగా ఉంది. శుభ్రంగా ఉన్న యంత్రం సరైన లేబులే ఇస్తుంది. సరైన లేబుల్‌ని చదవలేకపోతే లోపం ఎవరిది? చదివేవాళ్ళది." సభ యావత్తూ స్కానర్ వైపు తిరిగింది. చదవడం కంటి పని గనక స్కానర్‌ని కంటి విభాగానికి పంపాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

శుక్రవారం వచ్చింది. గంగావతి పొద్దున్నే వచ్చి వరసలో ముందు కూర్చుంది. షుగరు రిపోర్టు లేని కేసు కదా అని ఆవిడ చీటీ వెనక్కి పెట్టి, స్కానర్‌ని ముందు పిలిచారు. దానికి ఓపీ చీటీ నేనే రాశాను. పేరు స్కానర్, వయసు రెండేళ్ళు, బాధ చూపు ఆనకపోవుట. డాక్టర్ షమీమ్ గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు, నన్నూ అలాగే చూశారు. తన టీ పొడి పాకెట్టు తీసి దాని మీదున్న బార్‌కోడ్‌కి స్కానర్ చూపించారు. అది కిచ్చుమంది. చీటీ మీద 'చూపు బాగున్నది. ప్రింటర్ తుడవండి' అని రాసి ఇచ్చారు.

కమిటీ ఆ చీటీని పరిశీలించి, మొదటి వాక్యాన్ని ఆమోదించింది. రెండో వాక్యం కంటి వైద్యుల పరిధిలోకి రాదని తోసిపుచ్చింది. ఈ తతంగం ముగిసేసరికి షమీమ్ గారి బస్సు వేళయింది. గంగావతి ఆ రోజుకి లేచి వెళ్ళిపోయింది.

ఆ వారం ఆసుపత్రిలో ఏదీ శుభ్రపడలేదు. అనుమతి లేబుళ్ళు రావడం లేదు మరి. వరండా ఊడ్చే ఆవిడ పొద్దున్నే వచ్చి, చీపురు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, సాయంత్రం వెళ్ళిపోయేది. కాంటీనులో ప్లేట్లు కడగడం ఆపి, ఇడ్లీలు అరటాకుల్లో పెట్టారు. తిన్నాక ఆకులు ఊడ్చే వీలు లేక అవి అక్కడే పరుచుకున్నాయి. సూపరింటెండెంటు గారి కాఫీ గ్లాసు రంగు మారింది. ఆయన మాత్రం క్రమశిక్షణ గల మనిషి, దాంట్లోనే తాగారు.

గంగావతి మళ్ళీ మళ్ళీ వచ్చింది. వచ్చినప్పుడల్లా జోసఫ్ రత్నం రక్తం తీయడం, లేబుల్ అచ్చువేయడం, స్కానర్ మొహం తిప్పుకోవడం. పాత గొట్టాలు పారేయడానికి కూడా లేబుల్ కావాలి గనక అవి ఫ్రిజ్‌లో బారులు తీరాయి.

"ఈసారి ఏ చెయ్యి ఇయ్యమంటారండి?" అని అడిగేదావిడ. ఆ అడగడంలో ఎత్తిపొడుపు లేదు. అదే నాకు నచ్చలేదు. ఎత్తిపొడిస్తే ఒక కసురు కసిరేవాణ్ణి.

ఆఖరి శుక్రవారానికి ముందురోజు ఆవిడ నా బల్ల దగ్గరికి తడుముకుంటూ వచ్చింది. "బాబుగారూ, రేపే కదండీ డాక్టరమ్మగారు ఆఖర్రోజు. నా పని అవుద్దంటారా?"

ప్రింటర్ విషయం ప్రభుత్వానికి నివేదించామనీ, సమాధానం రావాలనీ చెప్పాను.

"దానికేటయిందండి?"

"ఏమీ కాలేదు. ఆయుధపూజకి పెట్టిన బొట్టు లోపల ఉంది."

"దసరా ఎల్లి ఇన్నాళ్ళయితే ఇంకా నిర్మాల్యం తియ్యలేదాండి?" అంది, నిజంగా ఆశ్చర్యపోయి. "మా ఇంటికాడ మర్నాడే తీసేత్తావండి. లేపోతే అమ్మవారికి ఎంత చిరాకండి పాపం."

నేను సర్క్యులర్ తీసి చూశాను. తుడుచుట, కడుగుట, ఊడ్చుట, దులుపుట. నాలుగే ఉన్నాయి. నిర్మాల్యం తీయుట లేదు. ఇంత మంచి సందు నా సర్వీసులో ఎప్పుడూ దొరకలేదు.

అప్పటికప్పుడు నోటు పెట్టాను. సూపరింటెండెంటు గారు రెండుసార్లు చదివి, "నిర్మాల్య విసర్జనము పూజాంగమే గాని శుభ్రత గాదు. పూజ చేసిన హస్తముతోనే విసర్జింపవలెను" అని పచ్చ ఇంకుతో రాశారు. అరుంధతి గారు ఒక్క అభ్యంతరం లేవదీశారు. స్పిరిట్ అనేది శుభ్రపరిచే ద్రవం, అది వాడితే విసర్జన కాస్తా శుభ్రత అయి కూర్చుంటుంది. కాసేపు తర్జనభర్జన పడి, ఆ సీసాలో ఉన్నదాన్ని ఆ పూటకి ప్రోక్షణ జలంగా పరిగణించాలని తేల్చారు.

శుక్రవారం ఉదయం సూపరింటెండెంటు గారు చెప్పులు విడిచి ప్రింటర్ ముందు నిలబడ్డారు. పక్కన జోసఫ్ రత్నం చేతులు కట్టుకుని చెప్పాడు. "ముందు స్విచ్చి ఆపండి సార్. వేడి తగ్గనివ్వండి. దూది తడపండి, కారకూడదండి. మధ్య నుంచి చివరికి లాగండి. అదే దూది మళ్ళీ వెనక్కి తేకండి సార్. గోరు తగలనివ్వకండి." ఆయన ప్రతి వాక్యాన్నీ భక్తిగా పలికి మరీ చేశారు. దూది మీదకి ఎరుపూ, దాని కింద నలుపూ దిగాయి. అది ఏమిటో ఎవరూ అనలేదు. కాగితాన్ని తోసే రబ్బరు రోలరు మీద జిగురు గడ్డకట్టి ఉంది. దాన్నేం అనాలన్న ప్రశ్న వచ్చి, నైవేద్య శేషంగా నిర్ణయించి అదీ తీసేశారు.

స్పిరిట్ ఆరాక మూత వేసి గంగావతి లేబుల్ అచ్చువేశారు. నల్లగా, నిండుగా వచ్చింది. స్కానర్ కిచ్చుమంది. రిపోర్టులో షుగరు అదుపులోనే ఉంది. డాక్టర్ షమీమ్ గారు ఆ సాయంత్రం బస్సు వదులుకుని మరీ ఎడమ కంటికి ఆపరేషన్ చేసి వెళ్ళారు. నాకు ఎందుకో సంతోషంగా అనిపించింది. రూలు తప్పకుండానే జరిగింది కదా అని సర్దుకున్నాను.

ఇంతటి అనుభవం వృథా పోకూడదని కమిటీ మళ్ళీ కూర్చుంది. ప్రింటర్‌లోకి మురికి చేరే మార్గమే మూసేస్తే తుడిచే ప్రశ్న రాదు. దానికొక అద్దాల పెట్టె చేయించారు. లేబుల్ బయటికి రావడానికి సన్నటి సందు ఒకటి వదిలి, మిగతాది బిగించి తాళం వేశారు. బిగించిన రోజునే అద్దానికి 'శుభ్రపరచబడినది' అని లేబుల్ అంటించారు. స్కానర్ చదివింది. కంప్యూటర్ ఒప్పుకుంది. అద్దం శాశ్వతంగా శుభ్రమైపోయింది.

రోజూ పొద్దున్న దాని ముందు అగరువత్తులు వెలిగించడం ఆనవాయితీ అయింది. లోపల కాగితం పొట్టు ఎగిరేది, బయట అగరుపొగ పట్టేది. కార్తీకం సగమయ్యేసరికి లోపల ప్రింటర్ ఉందో లేదో నమ్మకం మీద ఆధారపడాల్సి వచ్చింది. నమ్మకం విషయంలో మా సిబ్బందిని వేలెత్తి చూపడానికి లేదు.

ఆ రోజుల్లోనే గంగావతి కంటి పరీక్షకి వచ్చింది. కొత్త కంటి డాక్టరు ఇంకా రాలేదు. గంగావతికి ఆ తొందర కూడా లేదు. మొహం వెలిగిపోతోంది. వరండాలో గోడ మీదున్న బల్లిని కూడా నాకు చూపించింది. ఇంట్లో దారం తనే ఎక్కించిందట. "నాకు రిపోర్టు ఇచ్చిన ఆ మిషనేదో ఓసారి చూసెళ్తానండి" అంది.

తీసుకెళ్ళాను. అక్కడ సూపరింటెండెంటు గారూ, అరుంధతి గారూ ఉన్నారు. గంగావతి అద్దం ముందు నిలబడి, దగ్గరికి వంగి, వెనక్కి జరిగి, కుడి కన్ను మూసి చూసింది. మొహంలో వెలుగు తగ్గింది.

"మసగ్గా ఉందండి" అంది.

"మసకగా ఉండడానికి వీల్లేదమ్మా" అన్నారు అరుంధతి గారు. స్కానర్ అద్దం లేబుల్ మీద పెట్టారు. అది కిచ్చుమంది. "చూశారా? శుభ్రంగా ఉంది."

"మరి నాకు మసగ్గానే ఉందండి."

సూపరింటెండెంటు గారు కాస్త ఆలోచించారు. ఆయన గొంతులో నిజమైన జాలి పలికింది. "అద్దము శుభ్రముగా నున్నట్లు ధ్రువీకరింపబడినది. కావున మసక కంటియందున్నది. పొర మరల ఏర్పడినట్లున్నది. ఈమెను పునఃశస్త్రచికిత్సకై నగరమునకు పంపుటకు కాగితములు సిద్ధము చేయుడు."

ఆ మాట నాకే అన్నారు. నేను కాగితం తీశాను.

గంగావతి చీర కొంగు తీసి ఎడమ కంటి కింద ఒత్తుకుంది. తరవాత నా వైపు తిరిగి, వాళ్ళకి వినబడకుండా అడిగింది. "మళ్ళీ వచ్చేసిందాండి బాబుగారూ? నిన్న కూడా బాగానే అల్లేనండి. ఇంక నగరం ఎల్లి ఎవర్ని పట్టుకోనండి నేను?"

ఆవిడ ఏడుస్తుంటే నాకు కోపం వచ్చింది. మొదట ఆవిడ మీద అనుకున్నాను. కాదని వెంటనే తెలిసింది. ఇంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు.

జేబులోంచి రుమాలు తీశాను. అద్దం మీద నోటితో ఆవిరి ఊది, రుమాలుతో అరచేయంత మేర గట్టిగా రుద్దాను. రుమాలు నల్లబడింది. అరుంధతి గారు "లేబుల్, లేబుల్" అంటూనే ఉన్నారు.

"ఇప్పుడు చూడమ్మా" అన్నాను.

ఆవిడ ఆ అరచేయంత జాగాలోంచి చూసింది. చాలాసేపు చూసింది. "కనపడతందండి. నీలం బొత్తం ఉంది. పక్కన దీపం వెలుగుతంది" అంది. తరవాత చుట్టూ ఉన్న మసక అద్దం మీద వేలు పెట్టి గీసి, ఆ వేలు చూసుకుని, పెద్దగా ఊపిరి వదిలింది.

"పొర నీ కంటికి లేదమ్మా. ఇంటికి వెళ్ళి అల్లుకో" అన్నాను.

ఆ మధ్యాహ్నమే నా మీద చార్జి మెమో ఇవ్వాలని నిర్ణయమైంది. ఆఫీసులో టైపు చేసేవాణ్ణి నేనొక్కణ్ణే గనక అదీ నేనే చేశాను. అనుమతి లేబుల్ లేకుండా, ప్రభుత్వం సరఫరా చేయని గుడ్డతో, శుభ్రమైనదిగా ధ్రువీకరించబడిన అద్దమును బహిరంగముగా తుడిచి, సంస్థయందు మురికి కలదని ప్రజలను నమ్మించుట. సూపరింటెండెంటు గారు సంతకం చేసి నాకే ఇచ్చారు. తీసుకున్నట్లు నేనే సంతకం చేశాను.

కింద 'మీ వివరణ' అని ఖాళీ జాగా ఉంది. పేజీలకి పేజీలు వివరణలు రాసిన చెయ్యి నాది. పెన్ను తీసి, 'అద్దం మురికిగా ఉంది' అని రాసి ఇచ్చేశాను.